త్రాగునీటి శుద్ధి – బెంగుళూరు చరిత్రలో కొన్ని పుటలు

రాజమండ్రికి గోదావరి, విజయవాడకు కృష్ణ ఉన్నట్లు బెంగుళూరుకు తనదని చెప్పుకొనదగిన నది లేదు. సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున, పీఠభూమి వెన్నుపై వెలసిన ఊరు ఇది. కురిసిన వాన నాలుగు దిక్కులకూ జారిపోవలసినదే కాని నిలిచే చోటు లేదు. అందుచేత 16వ శతాబ్దంలో కెంపేగౌడ ఈ పట్టణానికి పునాది వేసిన నాటి నుండి ఇక్కడి పాలకులు కోటతో సమానంగా చెరువులను తలచారు. ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి, హలసూరు చెరువులు పేటకూ, పొలాలకూ ప్రాణాధారాలైనాయి. ఈనాడు ఆంధ్ర, తెలంగాణల నుండి వచ్చే బస్సులు దిగే మెజెస్టిక్ ప్రాంతం ఒకనాటి ధర్మాంబుధి గర్భమేననీ, కంఠీరవ క్రీడామైదానం సంపంగి చెరువు స్థానమేననీ చెబితే పిల్లలు నమ్మలేకపోవుట సహజం.

చెరువు నీటికి గట్టుమీద కాపలా ఉండవచ్చు గాని, నీటిలోని సూక్ష్మక్రిమికి కాపలా లేదు. 1809లో దండు ప్రాంతం ఏర్పడిన పిదప జనసంఖ్య పెరిగింది. స్నానాలు, బట్టలు ఉతుకుట, పశువులను కడుగుట, వీధి మురుగు కలియుట అన్నీ ఆ చెరువులలోనే సాగాయి. 1882లో కర్నల్ శాంకీ పేర మరొక చెరువు కట్టబడినా, పట్టణపు దాహం తీరలేదు, నీటి మాలిన్యమూ తగ్గలేదు. పల్లెల్లో మరిడి అనీ, తెలంగాణాలో గత్తర అనీ పిలిచే కలరా వేసవి చివర తొంగిచూచిందంటే ఇళ్ళకు ఇళ్ళు ఖాళీ అయ్యేవి.

1895లో అట్టి కలరా బెంగుళూరులో వ్యాపించినపుడు, పారిశుద్ధ్య పరిస్థితులను పరిశీలించి చక్కదిద్దుటకు సికింద్రాబాదు నుండి ఒక సైనిక వైద్యుని ప్రభుత్వం ఇక్కడికి పంపింది. ఆయనే రోనాల్డ్ రాస్. మలేరియా రహస్యం కోసం దోమలను కోసి చూస్తున్న మనిషిని ఆ పని మధ్యలో ఆపి, బావులూ కాలువలూ చూడమని పంపుట ఆయనకు ఎంత కష్టంగా తోచిందో ఊహింపవచ్చు. బెంగుళూరు ఆయనకు క్రొత్త కాదు. 1883లో ఇక్కడ ఉద్యోగం చేసినప్పుడే, బంగళా కిటికీ దగ్గరి నీళ్ళ తొట్టిలో దోమపిల్లలు పెరుగుట గమనించి, తొట్టిని బోర్లించి దోమల బెడద తగ్గించుకొన్నారు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో ఆయన సాధించిన విజయమూ, 1902లో లభించిన నోబెల్ బహుమతీ పాఠ్యపుస్తకాలకెక్కాయి. కలరాతో సతమతమైన బెంగుళూరు మాత్రం ఆ కథలో ఒక వాక్యానికి కూడా నోచుకొనలేదు.

ఆ రోజుల్లో వైద్యాధికారుల చేతిలో ఉన్న ఆయుధాలు రెండే. ఒకటి నీరు కాచి త్రాగండని చెప్పుట, రెండవది బావిలో పొటాషియం పర్మాంగనేటు వేయుట. ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే శాస్త్రజ్ఞుడు 1890లలో ఈ రెండవ పద్ధతికి విశేష ప్రచారం కల్పించాడు. బావి నీరు గులాబి రంగుకు తిరిగితే ప్రజలకు ఏదో జరిగినట్లు కంటికి కనబడేది. ఆ రంగే దాని బలం, ఆ రంగే దాని బలహీనత కూడా. కలరా క్రిమిపై పర్మాంగనేటు కొంత పనిచేసినా ఇతర రోగక్రిములపై దానిని నమ్ముటకు వీలులేదని తరువాత తేలింది. నీటికి రంగు, రుచి, వాసన మారుట వేరు తంటా. నేటి వైద్య గ్రంథాలు త్రాగునీటికి దానిని సిఫారసు చేయవు. అయినా పెద్దవారు కొందరు నేటికీ బావిలో నాలుగు పలుకులు వేసి తృప్తిపడుట కలదు.

దివాన్ సర్ కె. శేషాద్రి అయ్యరు కాలంలో ఆర్కావతి నదిపై హెసరఘట్ట చెరువును అభివృద్ధి చేసి, ఆవిరి యంత్రాలతో నీటిని ఎక్కించి, 1896లో గొట్టాల ద్వారా నగరానికి ఇచ్చుట ప్రారంభించారు. దానికి మహారాజా చామరాజేంద్ర ఒడయరు పేరు పెట్టబడింది. రెండేళ్ళకే, 1898లో, ప్లేగు వచ్చి నగర స్వరూపాన్నే మార్చివేసింది. మల్లేశ్వరం, బసవనగుడి వంటి విశాలమైన పేటలు ఆ భయం నుండి విస్తరించినవే. 1920లలో వానలు ముఖం చాటువేయగా హెసరఘట్ట అడుగంటింది. అప్పుడు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి నాయకత్వాన జరిగిన ఆలోచనల ఫలితంగా, ఆర్కావతీ కుముద్వతుల సంగమం వద్ద తిప్పగొండనహళ్ళి జలాశయం 1933 నాటికి సిద్ధమైంది. ఆయన పూర్వులు గిద్దలూరు సమీపాన గల మోక్షగుండం నుండి వచ్చినవారు. మూసీ వరదల అనంతరం హైదరాబాదుకు ఉస్మాన్ సాగర్ రూపకల్పన చేసినదీ ఆయనే. రెండు రాజధానుల దాహం ఒకే ఇంజనీరు ఆలోచనతో తీరిందని తెలుగువారు గర్వంగా చెప్పుకొనవచ్చును.

గొట్టంలో వచ్చిన నీరు శుద్ధమైన నీరని అర్థం కాదు. ఈ విషయం ప్రపంచానికి అతి కఠినంగా తెలిసినది 1892లో, జర్మనీలోని హాంబర్గ్ నగరంలో. ఆ నగరం ఎల్బా నది నీటిని వడకట్టకుండానే ఇళ్ళకు పంపింది. దిగువన ఉన్న ఆల్టోనా పట్టణం హాంబర్గ్ మురుగు కలిసిన ఆ నది నీటినే తీసుకొన్నది, కాని ఇసుక పడకల గుండా నెమ్మదిగా వడియగట్టి పంపింది. హాంబర్గ్‌లో సుమారు 8,600 మంది కలరాకు బలికాగా ఆల్టోనా చాలావరకు బయటపడింది. ఇసుక అంత పని ఎట్లా చేసింది? ఇసుక రేణువుల మధ్య సందులు క్రిమికంటే ఎన్నో రెట్లు పెద్దవి. అసలు పనివాడు ఇసుక కాదు, కొన్నాళ్ళకు ఇసుక పైభాగాన ఏర్పడే జిగురు పొర. అందులోని సజీవ ప్రాణులు రోగక్రిములను పట్టి తినివేస్తాయి. ఆ పొరను చూచి "మురికి పట్టింది" అని రోజూ గీకివేస్తే వడపోత వట్టిపోతుంది.

ఈ చిన్న విషయం తెలియక, సామాన్యశాస్త్ర పుస్తకాలలోని మూడు కుండల వడపోత బొమ్మను పిల్లలు తరతరాలుగా గీస్తున్నారు. పై కుండలో బొగ్గు, నడిమి కుండలో ఇసుక, క్రింది కుండలో తేట నీరు. బొమ్మకు మార్కులు వస్తాయి. కాని కుండల నుండి కారిన నీరు తేటనీరే తప్ప సురక్షిత జలం కాదు. బొగ్గు వాసననూ రంగునూ పీల్చుకొనునే గాని క్రిమిని చంపదు. చాలా రోజులు మార్చకుంటే తానే క్రిములకు నివాసమౌతుంది. ఆ బొమ్మ క్రింద "ఇట్లు వడకట్టిన నీటిని పిదప మరిగించవలెను" అని ఒక్క వాక్యం అచ్చువేసి ఉంటే ఎంత మేలు జరిగేదో!

తేటకూ శుద్ధికీ గల ఈ భేదమే ఇంటి పద్ధతులన్నిటికీ గీటురాయి. మన పల్లెల్లో బురద నీటి కుండ లోపలి వైపున చిల్లగింజను అరగదీసి వదిలేవారు. కొన్ని గంటలలో బురద అడుగుకు దిగి పైన అద్దమువంటి నీరు తేలేది. సుశ్రుతుని కాలం నుండి వైద్యులకు తెలిసిన విద్య ఇది. కతక బీజమని దాని సంస్కృత నామం. మునగ గింజల పొడి కూడా ఇదే పని చేస్తుంది. పటిక సంగతి అందరికీ తెలిసినదే. బురదతో పాటు చాలా క్రిములు అడుగుకు చేరునన్నది నిజం, అన్నీ చేరవన్నది అంతకంటె ముఖ్యం. కనుక వీటిని మొదటి మెట్టుగా భావింపవలెను. మొదటి మెట్టు అనవసరమని అర్థం కాదు. మబ్బు నీటిలో క్లోరిను తన బలమంతా బురదపైనే వెచ్చిస్తుంది, ఎండ లోనికి చొరబడదు.

గుడ్డతో వడకట్టుట గురించి చదువుకొన్నవారు చాలాకాలం పెదవి విరిచారు. వారి మాటలో కొంత న్యాయం కలదు. టైఫాయిడ్ క్రిమికి గుడ్డ కన్నాలు రాజద్వారాలే. కాని నారికురుపు విషయంలో గుడ్డయే గెలిచింది. దిగుడుబావులలో మెట్లు దిగి నీరు ముంచుకొనే ఊళ్ళలో, నీటిలోని సైక్లోప్స్ అనే సూక్ష్మజీవి కడుపున ఆ పురుగు పిల్ల దాగి ఉండేది. సైక్లోప్స్ కంటికి కనీకనబడని పరిమాణం గలది కనుక మెత్తని గుడ్డలో చిక్కుకొంటుంది. ఆంధ్ర ప్రాంతంలోనూ, కర్ణాటకలోనూ ఎందరినో మంచాన పడవేసిన ఈ రోగానికి మందు లేదు, టీకా లేదు. గుడ్డ వడపోత, దిగుడుబావులను చేదబావులుగా మార్చుట, చేతిపంపులు, ఆరోగ్య కార్యకర్తల నడకలు – ఇవే ఔషధాలు. మన దేశపు చివరి రోగి 1996లో కనబడగా, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం నారికురుపు నుండి విముక్తమైనదని ధ్రువీకరించింది. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో రీటా కాల్వెల్ బృందం చేసి 2003లో ప్రచురించిన పరిశోధన మరొక ఆశ్చర్యం కలిగించింది. పాత చీర గుడ్డను అనేక పొరలుగా మడిచి వడకట్టిన గ్రామాలలో కలరా దాదాపు సగానికి, కచ్చితంగా 48 శాతం, తగ్గింది. కలరా క్రిమి ఒంటరిగా తిరుగుట కంటె నీటిలోని చిన్న ప్రాణుల శరీరాలను అంటిపెట్టుకొని ఉండుట దీనికి కారణం. క్రొత్త చీర కంటె పలుమార్లు ఉతికిన పాత చీరయే మేలు, నూలు పోగులు విచ్చుకొని కన్నాలు చిన్నవగును గనుక. అమ్మమ్మ పాత చీరకు ఇంతటి శాస్త్రగౌరవం దక్కుతుందని ఎవరనుకొన్నారు!

ఇక కాచి చల్లార్చిన నీరు. బెంగుళూరు ఎత్తున నీరు 100 డిగ్రీలకు కాక సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది. అందువలన ఇక్కడ ఎక్కువసేపు కాచవలెనన్న అపోహ కొందరిలో ఉన్నది. రోగకారక క్రిములు, అమీబా, కామెర్లు కలిగించే వైరసులు ఆ వేడికి ఆగలేవు. నీరు కళపెళ మరిగిన తరువాత ఒక్క నిమిషం చాలును. పది నిమిషాలు కాచుట గ్యాసుకు దండుగ. లెక్క వేసి చూస్తే, ఒక కుటుంబానికి రోజుకు పది లీటర్లు మరిగించుటకు సుమారు 120 గ్రాముల వంటగ్యాసు కావలెను. అంటే ఒక సిలిండరు నాలుగు నెలలకు నీటికే సరి. ఈ ఖర్చు భరించగలవారికి దీనిని మించిన పద్ధతి లేదు. క్లోరినుకు లొంగని క్రిప్టోస్పోరిడియం అనే జీవి 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో దాదాపు నాలుగు లక్షల మందిని రోగగ్రస్తులను చేసింది. అట్టి జీవికి కూడా మరుగు నీటిలో మనుగడ లేదు. ఒకటే లోటు, చల్లారిన నీటికి రక్షణ కవచమేదీ మిగలదు.

ఆ కవచాన్ని ఇచ్చునది క్లోరిను. ఈ విద్యకు భారతదేశంతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన నెస్‌ఫీల్డ్ అనే వైద్యాధికారి 1903లోనే నీటిశుద్ధికి క్లోరిను వాయువును వాడవచ్చునని వ్రాశాడు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో డాక్టర్ లీల్ నగరం మొత్తానికి ఎడతెగకుండా క్లోరిను కలిపే ఏర్పాటు చేశాడు. కోర్టులో వ్యాజ్యం జరిగి, చివరకు ఆ పద్ధతియే గెలిచింది.

సామాన్యునికి అందుబాటులో ఉన్న రూపం బ్లీచింగ్ పౌడరు. తాజాగా ఉన్నప్పుడు దానిలో మూడవ వంతు, అనగా సుమారు 33 శాతం, పనికివచ్చే క్లోరిను ఉంటుంది. గాలి, వెలుతురు, తేమ తగిలితే ఆ బలం త్వరగా క్షీణిస్తుంది. వరదలు వచ్చినపుడు మూత లేని సంచులలో నుండి గుప్పిళ్ళతో చల్లే తెల్లపొడిలో వాసన తప్ప మరేమీ మిగలని సందర్భాలు లేకపోలేదు. మంచి పొడియైతే 1,000 లీటర్ల తేటనీటికి సుమారు 2.5 గ్రాములు చాలును. చిన్న గిన్నెలో ముద్దగా కలిపి, నీరు పోసి, సున్నం అడుగుకు దిగిన తరువాత పై తేటను మాత్రమే బావిలో కలపవలెను. ఆ పిదప కనీసం అరగంట, వీలైతే గంట సేపు ఆగవలెను. నీటి మాలిన్యాన్ని బట్టి మోతాదు మారుతుంది. ఎంత వేయవలెనో తెలుసుకొనుటకు హారాక్స్ అనే సైనిక వైద్యుడు ఒక పెట్టెను రూపొందించాడు. అందులో ఆరు తెల్ల గిన్నెలు, ఒక నల్ల గిన్నె ఉంటాయి. గిన్నె గిన్నెకూ మందు పెంచుతూ పోయి, అరగంట తరువాత సూచిక ద్రవం వేసినప్పుడు ఏ గిన్నెలో మొదట నీలిరంగు తేలునో దానిని బట్టి లెక్క కట్టుట. వైద్య విద్యార్థులు నేటికీ పరీక్షలలో ఈ పెట్టెను చూచి చెమటలు పడతారు!

ఊరి బావులకు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ రూపొందించిన జంట కుండల పద్ధతి మరింత ముచ్చటైనది. కుమ్మరి చేసిన రెండు కుండలు, ఒకదానిలో ఒకటి ఇమిడేవి. లోపలి కుండకు అంచు దగ్గర, వెలుపలి కుండకు అడుగుకు కొంచెం పైన ఒక్కొక్క రంధ్రం. లోపలి కుండలో కిలో బ్లీచింగ్ పౌడరు, రెండు కిలోల ముతక ఇసుక తడిపి కలిపి నింపి, మూతికి ప్లాస్టిక్ గుడ్డ కట్టి, బావి నీటిలో ఒక మీటరు లోతున త్రాటితో వ్రేలాడదీయవలెను. రెండు రంధ్రాలూ ఎదురెదురుగా లేనందున క్లోరిను ఒక్కసారిగా పరుగెత్తక, బొట్టు బొట్టుగా బయటికి వస్తుంది. సుమారు 4,500 లీటర్ల నీరుండి, రోజుకు 400 లీటర్లు తోడుకొనే బావికి రెండు మూడు వారాలు కాపలా కాస్తుంది. విద్యుత్తు అక్కరలేదు, విదేశీ యంత్రం అక్కరలేదు. మన కుమ్మరివాని చేతిపనికి రసాయనశాస్త్రం నమస్కరించిన సందర్భమిది.

ఎండ ఖర్చులేని వైద్యుడు. బీరూట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆఫ్తిమ్ అక్రా 1980 ప్రాంతంలో ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా చూపగా, తరువాత స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దానిని విస్తరించారు. రెండు లీటర్లకు మించని, రంగులేని ప్లాస్టిక్ సీసాలో తేట నీరు పోసి ఆరు గంటలు నిండు ఎండలో పరుండబెట్టవలెను. మబ్బు పట్టితే రెండు రోజులు. రాయలసీమ మిద్దెలపై ఏడాదిలో అధిక భాగం ఇది నిశ్చింతగా సాగే పని. బెంగుళూరులో జూన్ మొదలు నెలల తరబడి సూర్యుడు దాగుడుమూతలాడును గనుక ఇక్కడ దీనిపై పూర్తిగా ఆధారపడుట క్షేమం కాదు. నీటి రోగాలు ప్రబలేది కూడా ఆ వానాకాలంలోనే కదా.

రాగి చెంబు మాట వచ్చినప్పుడల్లా ఒకరు పూజిస్తారు, మరొకరు వెక్కిరిస్తారు. ఈ వివాదానికి పరీక్ష పెట్టినది బెంగుళూరే. యలహంక దగ్గరి ఆయుర్వేద, సమీకృత వైద్య సంస్థకు చెందిన పద్మా వెంకటసుబ్రమణియన్ బృందం 2012లో తమ ఫలితాలు ప్రచురించింది. కలరా, టైఫాయిడ్, రక్తవిరేచనాల క్రిములను కావాలని కలిపిన నీటిని రాగి పాత్రలో 16 గంటలు నిలువ ఉంచగా, ఆ క్రిములు తిరిగి పెరగలేని స్థితికి చేరాయి. నీటిలోనికి దిగిన రాగి ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన హద్దులో పదవ వంతుకు మించలేదు. ఇత్తడి బిందెలపై 2005లో వెలువడిన మరొక పరిశోధనలో రెండు రోజుల గడువు పట్టింది. అయితే రెండు షరతులు కలవు. పదహారు గంటలంటే రాత్రి నింపి తెల్లవారగానే త్రాగుట కాదు, మధ్యాహ్నానికి గాని గడువు తీరదు. కళాయి పూసిన పాత్రలో నీటికి తగిలేది తగరమే గాని రాగి కాదు. ముందుగా కలిపిన క్రిములను ప్రయోగశాలలో చంపుట ఒక ఎత్తు, మురుగు కలిసి మసకబారిన కుళాయి నీరు మరొక ఎత్తు.

ఈ పద్ధతులన్నీ క్రిములను దృష్టిలో పెట్టుకొన్నవి. ఫ్లోరైడు దగ్గర ఇవన్నీ చేతులెత్తివేస్తాయి. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల ప్రజల వంగిన నడుములకు నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో వైద్యులు గుర్తించారు. మన దేశంలో ఈ వ్యాధి తొలిసారిగా వెల్లడైనది అక్కడనే. నల్గొండ పేరు ప్రపంచ గ్రంథాలకు ఎక్కినది కూడా ఈ దుఃఖం వల్లనే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతికి నాగపూరు సంస్థవారు నల్గొండ పేరే పెట్టారు. కోలారు వైపు లోతైన బోర్లలోనూ ఇదే బెడద. ఆ నీటిని కాచితే ఆవిరైన మేరకు ఫ్లోరైడు చిక్కబడునే గాని తొలగదు. కాచిన నీరు సర్వరోగనివారిణి అని నమ్మే తల్లులు ఇచ్చట జాగ్రత్త పడవలెను. దీనికి విరుద్ధంగా, లవణాలు తక్కువగా గల కావేరి నీటికి కూడా ఖరీదైన ఆర్.ఓ. యంత్రం బిగించి, ఒక లీటరు త్రాగుటకు రెండు మూడు లీటర్లు కాలువ పాలు చేయుట నగరంలో ఒక గొప్పగా మారింది.

ఆ కావేరి 1974లో తొలిసారిగా ఈ నగరం చేరింది. సుమారు వంద కిలోమీటర్ల దూరం, అర కిలోమీటరు ఎత్తు ఎక్కి వస్తున్న నీరు ఇది. 1983, 1993, 2002, 2012 సంవత్సరాలలో తరువాతి దశలు పూర్తయినాయి. అయిదవ దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. ఆ సంవత్సరమే వేసవిలో నగరంలోని ప్రభుత్వ బోర్లు దాదాపు సగం ఎండిపోయి, ట్యాంకరు రాకకై అపార్టుమెంటువాసులు సైతం బిందెలతో నిలబడ్డారు. ట్యాంకరు నీరు ఎక్కడిదని అడిగే ధైర్యం దాహానికి ఉండదు.

శుద్ధి కేంద్రం నుండి క్లోరినుతో బయలుదేరిన కావేరి నీరు ఇంటికి చేరేలోపు రెండు ప్రమాద స్థలాలు దాటవలెను. మొదటిది వీధి గొట్టం. రోజు విడిచి రోజు నీరు వదిలే పేటలలో గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు, దాని ప్రక్కనే సాగే మురుగు గొట్టం కారుతుంటే, ఆ మురుగు పగుళ్ళ గుండా లోనికి పీల్చబడుతుంది. అందువలన నీరు వదలిన మొదటి పది నిమిషాల నీటిని మొక్కలకు పోయుట అనుభవజ్ఞులైన గృహిణుల అలవాటు. రెండవది ప్రతి ఇంటి ముంగిట నేలలో ఉన్న సంపు. దాని మూత వాననీటి మట్టానికి సమానంగా ఉంటే వీధి నీరంతా అందులోనికే. కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి ఉండవలెనని జాతీయ ప్రమాణం చెబుతున్నది; సంపులో రెండు రోజులు నిలిచిన నీటిలో అది మిగులుట అరుదు.

సంపు సంగతి తెలుసుకొనుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. 1982లో మంజా మొదలైన భారతీయ శాస్త్రజ్ఞులు ఒక సులభ పరీక్షను ప్రకటించారు. మందు అద్దిన కాగితం ఉన్న శుభ్రమైన చిన్న సీసాలో నీరు నింపి, గది వేడిమిలో ఒకటి రెండు రోజులు ఉంచితే చాలు. నీటిలో మలమాలిన్యం కలిసి ఉంటే సీసా నల్లబడుతుంది. తొమ్మిదవ తరగతి పిల్లలు సైతం చేయగల పని. ఒకే ఇంటిలో వీధి కుళాయి నుండి ఒకటి, సంపు నుండి ఒకటి, మేడమీది ట్యాంకు నుండి ఒకటి, వంటింటి బిందె నుండి ఒకటి, ఇట్లు నాలుగు సీసాలు వరుసగా కిటికీలో పెట్టి చూడవలెను. మొదటి మూడు సీసాలు తేటగా ఉండి నాలుగవది నల్లబడిన ఇంట, బిందెలో చేతివ్రేళ్ళతో సహా గ్లాసు ముంచుచున్నారని గ్రహించి, పొడవాటి కాడ గల గరిటెను బిందె ప్రక్కన గోడకు తగిలింపవలెను.